దినం సరుకులకు ధర అడగరు

దినం సరుకులకు వచ్చిన మనిషిని, అతను గుమ్మం ఎక్కకముందే నేను గుర్తుపట్టేసేవాణ్ణి. మామూలుగా వచ్చేవాళ్ళు మెట్టు మీద ఉండగానే "ఏటి సావుకారూ, పంచదార ఎలగిస్తన్నావు?" అని అరుస్తారు. పప్పులో చెయ్యి పెట్టి నాలుగు గింజలు నోట్లో వేసుకుంటారు. ఇంట్లో ఎవరైనా పోయి పదోరోజు సామాన్ల కోసం వచ్చినవాడు మాత్రం పలకరించడు. కౌంటరు ముందుకి రాడు. పక్కగా, బియ్యం బస్తాల దగ్గర నిలబడతాడు. మేమే పని ఆపి వెళ్ళాలి. నల్ల నువ్వులు, మినుములు, పచ్చి బియ్యం, నెయ్యి, బెల్లం, విస్తళ్ళు అని గొంతు తగ్గించి చెప్తాడు.

అతను ధర అడగడు. అది అతని వంతు. పోయిన మనిషి పేరున కొనే వస్తువుకి బేరమాడితే ఆ మనిషిని తక్కువ చేసినట్టని మా వైపు పట్టింపు. మేం లాభం తీసుకోము. అది మా వంతు. కొన్న ధర ఎంతో అంతే చెప్పి ఊరుకుంటాం. కట్టిచ్చాక "మళ్ళీ రండి" అనం, అతనూ "వస్తాను" అనడు. ఇది ఎవరు పెట్టారో నాకు తెలీదు. మా నాన్న చేశాడు, నేనూ చేశాను. రాజాంలో అప్పట్లో మాబోటి కొట్లన్నీ అంతే. అదేదో గొప్ప ధర్మకార్యం అని మేం ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున్నే కొట్టు ముందు నీళ్ళు చల్లడం లాంటిదే అదీను.

దాన్ని నెత్తిన పెట్టుకున్నది నా భార్య. మిగతా బేరాల్లో ఆవిడ సామాన్యురాలు కాదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే రూపాయి జారనిచ్చేది కాదు, తెలిసినవాళ్ళు వచ్చి తగ్గించమంటే "మీకు తగ్గిత్తే మేమేటి తింటామమ్మా, మట్టి తింటామా?" అని నవ్వుతూనే పూర్తి డబ్బు తీసుకునేది. కానీ బస్తాల దగ్గర మనిషి నిలబడ్డాడంటే ఆవిడ గొంతు మారిపోయేది. తనే లేచి వెళ్ళేది. ఆవిడ చిన్నతనంలో తండ్రి పోతే, అక్క చెయ్యి పట్టుకుని ఒక కొట్టుకి తీసుకెళ్ళిందట. ఆ షావుకారు ఏమీ అనకుండా మూట కట్టిచ్చాడట. "ఆ పది రోజుల్లోనూ మాకు జరిగిన మర్యాద అదొక్కటేనండి" అని చెప్పేది.

సరే, కొట్టు పెరిగింది. పెంకులు తీసి స్లాబు వేశాం. ఆ తర్వాత పక్క స్థలం కూడా కలిపి, అరలు పెట్టి, బుట్ట చేత్తో పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునే పద్ధతి పెట్టాం. ఏసీ కూడా పెట్టాను, ఎందుకు పెట్టానో దేవుడికే తెలియాలి. అప్పుడే పెద్ద కంపెనీ వాళ్ళ కన్ను మా మీద పడింది. మాకు అమ్మండి అన్నారు. అమ్మకపోతే ఎదురుగా స్థలం చూసుకున్నామని కూడా ఎంతో మర్యాదగా చెప్పారు. బెదిరించడంలో కూడా ఏం మర్యాదండీ! మంచినీళ్ళు తాగుతూ, చిరునవ్వు నవ్వుతూ చెప్పారు. నా మోకాళ్ళు అప్పటికే పనిచెయ్యడం మానేశాయి. వాళ్ళతో పోటీపడే ఓపిక లేదు. అమ్మేశాను. కొన్నాళ్ళ పాటు నేనే మేనేజరుగా ఉండాలని కాగితంలో రాసుకున్నారు. ఊళ్ళో జనం నా మొహం చూసి వస్తారని వాళ్ళ లెక్క.

సంతకాల రోజున నా భార్య ఒక్కటే అడిగింది. "మిగతా ధరలన్నీ మీ ఇష్టం బాబూ. దినం సరుకులు మాత్రం కొన్న ధరకే ఇయ్యాల. ఆ ఒక్కటీ ఉంటే నాకు సాలు." వచ్చిన ఏరియా మేనేజరు కుర్రాడు, మన ప్రాంతం వాడు కాదు, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చున్నాడు. "తప్పకుండా అమ్మా. మీ సెంటిమెంటు మేం గౌరవిస్తాం" అన్నాడు. కాగితంలో మాత్రం ఎక్కలేదు. ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. మాట అంటే మాటే అనుకునే అలవాటు మా ఇద్దరిదీ.

ఆ రోజు నుంచి ఆవిడ కొట్టు గడప తొక్కలేదు. "నా కుర్చీ తీసేసినచోట నాకేటి పని?" అంది. గల్లాపెట్టె ఉన్నచోట బిల్లింగు మిషన్లు వచ్చాయి. బియ్యం బస్తాలు ఉండేచోట కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టారు. మా బోర్డు దింపి వాళ్ళ బోర్డు ఎక్కిస్తుంటే నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, గిల్లినా తెలీదు చూడండి, లోపలంతా అలా ఉంది. అప్పటినుంచీ ఇంచుమించు అలాగే ఉంది.

మొదట్లో ధరలు పడ్డాయి. ఎంత పడ్డాయంటే, నేను హోల్‌సేలులో కొన్న ధరకంటే తక్కువకి నూనె ప్యాకెట్టు అమ్మాం. జనం ఆమదాలవలస నుంచి, పాలకొండ నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. "నీ పున్నెమా అని సవకగా తింటన్నాం సావుకారూ" అని నన్ను దీవించారు. నా పుణ్యం ఏముంది నా మొహం! నేను చేసిందల్లా పొద్దున్నే పైనుంచి వచ్చిన ధరల చీటీలు అరలకి తగిలించడం. ఎదుటి వీధిలో ఉన్న కొట్లు ఒక్కొక్కటిగా తలుపులు వేసుకున్నాయి. ఒకాయన మెడికల్ షాపుకి అద్దెకిచ్చేశాడు. ఇంకొకాయన కొట్టు మూసేసి ఇంటి అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. నేను అటు వెళ్తే పేపరు పైకెత్తి మొహం అడ్డం పెట్టుకునేవాడు. తిట్టినా బాగుండేది.

వాళ్ళంతా మూసేశాక ధరలు లేచాయి. ఒకేసారి లేవలేదు. పప్పు ఒక వారం, సబ్బు ఒక వారం, చింతపండు ఇంకో వారం. కొన్నిటికి ధర అలాగే ఉంచి ప్యాకెట్టు చిక్కిపోయింది. మా ఊరి బెల్లం దిమ్మలు పోయి, రంగు కాగితంలో చుట్టిన బెల్లం ముక్కలు వచ్చాయి. "ఏటి మావా, పొద్దుట ఒక రేటు, సాయంత్రం ఒక రేటు? నీ ఇంట్లో ముద్దరేత్తన్నావా డబ్బులు?" అని ఆటోవాడు ఒకడు నన్ను నిలదీశాడు. "నన్నడుగుతావేంట్రా, నేనూ నీలాగే జీతగాణ్ణి" అన్నాను. అన్నాక ఆ మాట నాకే కొత్తగా వినపడింది. నలభై ఏళ్ళొచ్చిన దగ్గర్నుంచీ షావుకారు అనిపించుకున్న మనిషిని.

దినం సరుకుల సంగతి చెప్తాను. మొదట్లో ఇబ్బంది రాలేదు. మేనేజరు చేతిలో తగ్గింపు బటన్ ఒకటి ఉండేది. ఎవరైనా ఆ సరుకులకి వస్తే నేనే మిషను దగ్గరికి వెళ్ళి కొన్న ధరకి దించేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ బటన్ తీసేశారు. ఇకమీదట ధరలన్నీ పైనుంచే, కింద ఎవరూ ముట్టుకోకూడదు అన్నారు. ఫోన్ చేశాను. మెయిల్ పెట్టమన్నారు. పెట్టించాను. చూస్తామన్నారు. చూశారో లేదో!

ఇంటికి వచ్చి నా భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నామీద కాదు, అదో వింత. "ఆ అబ్బాయికి ఇసయం తెలీదండి. ఎక్కడో పెరిగాడు, మన పద్ధతులు ఆడికేటి తెలుస్తాది? మీరు ఫోన్లో అరిస్తే ఆడికెక్కుతాదా? భోజనానికి తీసుకురండి. నేను సెప్తాను" అంది. మనిషికి అర్థమయ్యేలా చెప్తే మనిషి మారతాడని ఆవిడ నమ్మకం. కొట్లో కూర్చున్నన్నాళ్ళూ ఆవిడ అలాగే నెగ్గుకొచ్చింది మరి.

ఏరియా మేనేజరు తర్వాతిసారి వచ్చినప్పుడు ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ పనసపొట్టు కూర చేసింది, పెసరపప్పు చారు పెట్టింది, బూరెలు వండింది. పక్కన కూర్చుని వడ్డిస్తూ మొత్తం చెప్పింది. మనిషి ఎక్కడ నిలబడతాడు, ఏమేం అడుగుతాడు, ఏది ఎందుకు వాడతారు, ఏది ముందు కావాలి, ఏది మర్చిపోతే బ్రాహ్మడు కసురుకుంటాడు, అన్నీ చెప్పింది. "ఇదిగో బాబూ, వచ్చినోళ్ళు ధర అడగరు. ఎంత సెప్తే అంత ఇచ్చేసి ఎల్లిపోతారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటాయి, లెక్క కూడా సూసుకోరు. ఆళ్ళు అడగరు కాబట్టే మనం లాభం తీసుకోకూడదు. తెలిసిందా?" అంది.

ఆ అబ్బాయి తినడం ఆపేసి విన్నాడు. నిజంగానే విన్నాడు, అబద్ధం చెప్పకూడదు. "ఇంత డెప్త్ ఉందని నాకు తెలీదమ్మా. అసలు మా రిపోర్టుల్లో నల్ల నువ్వులకి ధర పెరిగినా అమ్మకం తగ్గట్లేదు, ఎందుకో అర్థం కాలేదు మాకు. ఇదా సంగతి!" అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "సూశారా, సెప్తే తెలిసింది" అన్నట్టు నావైపు చూసింది. వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. "ఈ విషయం పైకి తీసుకెళ్తానమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ బూరెలు డబ్బాలో పెట్టిచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పైకి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళలేదని అనను.

కొన్ని వారాలకి లారీలో కొత్త సరుకు దిగింది. నున్నటి అట్టపెట్టెలు, పైన దీపం బొమ్మ, కింద "కర్మ కిట్" అని అక్షరాలు. ఒకటి విప్పి చూశాను. నల్ల నువ్వులు, మినుములు, పచ్చి బియ్యం, నెయ్యి సీసా, బెల్లం, వత్తులు, కర్పూరం, తెల్ల తువ్వాలు, విస్తళ్ళు. ఏది ముందు కావాలో అది పైన. మర్చిపోతే బ్రాహ్మడు కసురుకునేవి కూడా ఒక్కటి తప్పిపోలేదు. పెట్టె అడుగున ధర చిన్న అక్షరాలతో వేశారు. విడివిడిగా కొంటే అయ్యేదానికి ఇంచుమించు రెట్టింపు. అది చదివి పెట్టె మూసేశాను. పెట్టెలన్నీ ఫ్రిజ్ పక్కనే పేర్పించాలని పైనుంచి ఆర్డరు. మనవాళ్ళు వచ్చి నిలబడేది అక్కడే కదా. పేర్పించాను.

సాయంత్రం ఫోన్ చేశాను. "ఏమయ్యా, మా ఇంట్లో అన్నం తిని నువ్వు విన్నది ఇదా?" అని అడిగాను. అతనికి నిజంగా ఆశ్చర్యం వేసింది. "అదేంటి సార్, మేడమ్ గారి వల్లే కదా ఇది వచ్చింది! ఆ బాధలో ఉన్నవాళ్ళు అన్నీ వెతుక్కోనక్కర్లేదు. మీ స్టోర్లో బాగుంటే అన్ని చోట్లా పెడతాం. ఆవిడకి నా థాంక్స్ చెప్పండి సార్" అన్నాడు. ధర సంగతి అడిగితే, అది తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందని అడిగితే, సిస్టం అన్నాడు. సిస్టంకి ఎక్కడ అన్నం పెట్టాలో నాకు తెలీదు. ఫోన్ పెట్టేశాను.

ఆవిడకి చెప్పలేదు. ఏమని చెప్పను? నువ్వు చెప్పిన రెండు ముక్కల్లో వాళ్ళు ధర అడగరన్న ముక్కే విన్నారు, మనం లాభం తీసుకోకూడదన్న ముక్క వదిలేశారు అని చెప్పాలి. ఆవిడ అప్పటికే వీధిలో అందరికీ చెప్పేసింది, కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారని, చదువుకున్న పిల్లలకి మనం సెప్పాలి గానీ ఎందుకినరు అని. "దినం సరుకులు సక్కగా ఇస్తన్నారా?" అని ఎప్పుడైనా అడిగితే "ఆఁ, ఇస్తున్నారు" అని చెయ్యి కడుక్కోవడానికి లేచేవాణ్ణి. ఆవిడకి ఈ సంగతి బయట ఎవరూ చెప్పరని నాకు తెలుసు. దినం సరుకులు ఎంతకి కొన్నామో మా వైపు ఎవరూ నోరెత్తరు.

కిట్లు అమ్ముడుపోయాయి. అలా ఇలా కాదు. ఫ్రిజ్ పక్కకి వచ్చి నిలబడటం, పెట్టె తీసుకోవడం, బిల్లు ఎంతంటే అంత ఇచ్చేసి వెళ్ళిపోవడం. ఒక్కరూ ధర అడగలేదు. నేను అక్కడే ఉన్నాను కదా, నన్ను చూసి నిశ్చింతగా ఉన్నారు. షావుకారు ఉన్నాడు, పద్ధతి ప్రకారమే ఇస్తాడు అని.

ఒకసారి మాత్రం ఉండబట్టలేకపోయాను. రామతీర్థం అవతల నుంచి ఒక రైతు వచ్చాడు. పాత రోజుల్లో మాకు మినుములు తెచ్చి అమ్మేవాడు, నాకంటే పెద్దవాడు. తల్లి పోయింది. పెట్టె చంకలో పెట్టుకుని లైనులోకి వెళ్తుంటే దగ్గరికి వెళ్ళి, "మావా, ధర ఒకసారి చూసుకో. విడిగా కొనుక్కో, తక్కువ పడుతుంది" అన్నాను. ఆయన ఆగి నావైపు చూశాడు. నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు.

"మాయమ్మ దినానికి నన్ను ధర సూడమంతన్నావా? నువ్వేనా? మీ నాయన కూకున్న కొట్లో నిలబడి అంతన్నావా ఈ మాట?"

"అది కాదు మావా, ఇప్పుడు…"

"నేదు, వద్దు. నేను బీదోణ్ణయిపోయినానని అనుకుంతన్నావేమో. నేదు బావూ." డబ్బు ఇచ్చేశాడు. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పేవాడికి పరువు, వినేవాడికి పరువు, రెండూ పోతున్నాయి. పెట్టెలు మాత్రం పోతూనే ఉన్నాయి.

మా వదిన ఎండల్లో పోయింది. నా భార్యకి అక్క, తండ్రి పోయాక ఆవిణ్ణి పెంచింది తనే. పిల్లల్లేరు, మొగుడు ముందే పోయాడు. మా వెనక వీధిలోనే ఉండేది. పొద్దున్న కాఫీ తాగి మంచం మీద వాలింది, మళ్ళీ లేవలేదు. కర్మ మా చేతుల మీదుగానే జరగాలి. నా భార్య ఏడ్చింది, తర్వాత ఏడవడం ఆపేసి పనులు మొదలుపెట్టింది. దినానికి ముందురోజు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

"పదండి, సరుకులకి."

"నువ్వెందుకు ఎండలో? నేను పట్టుకొస్తాను."

"అక్క సరుకులు నేనే తేవాల."

"చీపురుపల్లిలో నాకు తెలిసిన కొట్టు ఒకటుంది. ఆటోలో వెళ్ళొచ్చేస్తాను."

ఆవిడ నా మొహం చూసింది. "మన కొట్టు ఈదిలో పెట్టుకుని సీపురుపల్లెందుకండి? ఏటయ్యింది మీకు?" అంది. అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడ చెప్పులేసుకుని ముందు నడిచింది. నేను వెనక నడిచాను.

అమ్మేశాక ఆవిడ కొట్లోకి రావడం అదే మొదటిసారి. లోపలికి వచ్చి చుట్టూ చూడలేదు. నేరుగా పక్కకి, బస్తాలు ఉండే చోటికి వెళ్ళి ఫ్రిజ్ దగ్గర నిలబడింది. అక్కడ ఒక ముసలాయన కూడా పంచె కట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. యూనిఫారంలో ఉన్న అమ్మాయి, కొత్తగా చేరిన పిల్ల, మా ఆవిణ్ణి ఎరగదు, దగ్గరికి వచ్చింది. నా భార్య గొంతు తగ్గించి, నల్ల నువ్వులు, మినుములు అని మొదలుపెట్టింది.

"అన్నీ ఇందులో ఉన్నాయి మేడమ్" అని ఆ పిల్ల పెట్టె చేతికిచ్చింది. ముసలాయనకి కూడా ఒకటిచ్చింది.

ఆవిడ పెట్టె తెరిచింది. పైన ఉన్నది తీసింది, దాని కిందది తీసింది. ఒక్కొక్కటీ తీసి చూసి మళ్ళీ అలాగే పెట్టింది. నేను కాస్త దూరంలో నిలబడ్డాను. ఆవిడకి అర్థం కావడం నేను చూశాను. పెట్టె తిప్పి అడుగు చూసింది.

"ఇది అందరూ అట్టుకెల్తన్నారా?" అని అడిగింది.

"అందరూ ఇదే మేడమ్. బాగా వెళ్తాది."

"ధర అడుగుతారా?"

"లేదు మేడమ్, దీనికి ఎవరూ అడగరు" అని ఆ పిల్ల నవ్వింది, పాపం.

నా భార్య పెట్టె పట్టుకుని లైనులోకి వెళ్ళింది. సాయంత్రం బేరాల వేళ, లైను గుమ్మందాకా ఉంది. వరస వచ్చేదాకా కదలకుండా నిలబడింది. వరస వచ్చాక పెట్టె కౌంటరు మీద పెట్టి, కొట్టంతా వినబడేలా అడిగింది.

"దీని ధరెంత?"

బిల్లింగు అమ్మాయి చెప్పింది.

"తగ్గించు."

లైనులో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు, వీధివాళ్ళు ఉన్నారు. వదిన పోయిందని అందరికీ తెలుసు. అక్క దినం సరుకులకి ఈవిడ బేరమాడటం ఏమిటని ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా భార్య మెడ దాకా ఎర్రబడిపోయింది, అయినా తగ్గలేదు. ఆవిడ అంత సిగ్గుపడటం నా జన్మలో చూడలేదు. "మా అక్క దినానికమ్మా. తగ్గించు. కొన్న ధరకి ఇయ్యి" అంది.

"మా చేతిలో లేదు మేడమ్. మేనేజర్ గారిని అడగండి" అని ఆ అమ్మాయి నావైపు చూపించింది.

ఆవిడ ఇటు తిరిగింది. ముప్పై ఏళ్ళకి పైగా నన్ను పేరు పెట్టి పిలవని మనిషి, "ఏటండీ" అని తప్ప పిలవని మనిషి, "ఏటి మేనేజరు గారూ, తగ్గదా?" అని అడిగింది.

పైన కెమెరా ఉంది. లైనంతా నావైపే చూస్తోంది. రోజంతా చెప్పే మాటే నా నోటికి వచ్చింది, నేను వెతుక్కోలేదు.

"తగ్గదమ్మా. ఫిక్సుడు రేటు" అన్నాను.

ఆవిడ డబ్బులిచ్చింది. అప్పుడు ఫ్రిజ్ దగ్గరున్న ముసలాయన మెల్లగా ముందుకొచ్చాడు. పెట్టె రెండు చేతులతో పట్టుకుని, నావైపు చూడకుండా, "మరి నాదెంతమ్మా?" అని అడిగాడు. అమ్మాయి చెప్పింది. ఆయన ఒకసారి తల ఊపాడు. పెట్టె కౌంటరు మీద జాగ్రత్తగా పెట్టి, తువ్వాలు సర్దుకుని, వట్టి చేతులతో బయటికి వెళ్ళిపోయాడు. నా భార్య గుమ్మందాకా పరుగులాంటి నడకతో వెళ్ళింది. అప్పటికే ఆయన బస్టాండు వైపు జనంలో కలిసిపోయాడు. ఇంక ఈ ఊళ్ళో ఆయన వెళ్ళడానికి వేరే కొట్టు లేదు.

ఇద్దరం ఇంటివైపు నడిచాం. పెట్టె నేను తీసుకోబోతే ఇవ్వలేదు. వదిన ఇంటి మలుపు దాటాక ఆగింది. నామీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ పెట్టె మీది దీపం బొమ్మని చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"నేనే సెప్పానండి ఆడికి. అన్నం పెట్టి మరీ సెప్పాను."